సగం కట్టిన ఇల్లు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో కొనుగోలు, అప్పు, నిర్మాణం

నిర్మాణం మధ్యలో ఆగిపోయిన ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా కొని, మిగిలిన పనిని కొన్నవారే దగ్గరుండి చేయించుకోవడం ఉత్తర తెలంగాణ పట్టణాల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇలాంటి ఇంటికి విలువ కట్టేటప్పుడు పని ఏ దశలో ఆగిందో మొదట అడుగుతారు. ముగ్గు పోసి పునాది తీసిన ఇల్లు, బేస్‌మెంట్ దాకా లేచిన ఇల్లు, గోడలు లేచిన ఇల్లు, స్లాబ్ పడిన ఇల్లు, గిలాబు (ప్లాస్టరింగ్) అయిన ఇల్లు అని దశలకు వాడుకలో పేర్లున్నాయి. ఎక్కువగా అమ్మకానికి వచ్చేవి స్లాబ్ పడి ఆగిపోయినవి. జాగా ఖరీదుతో పాటు కప్పు దాకా పెట్టిన ఖర్చు కూడా రాబట్టుకోవాలని అమ్మేవారు చూస్తారు. ఏళ్ల తరబడి ఎవరూ ఉండని ఇల్లు కదా అని కొనేవారు తగ్గించి అడుగుతారు. "ఆ ఇల్లు వాళ్లకు అచ్చిరాలేదు" అనే మాట కూడా ధరను తగ్గిస్తుంది. వాస్తవానికి ఇల్లు ఆగిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ డబ్బే.

ఇళ్లు ఎందుకు ఆగిపోతాయి

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో, 63వ నంబర్ జాతీయ రహదారి మీద, జగిత్యాలకూ మెట్‌పల్లికీ మధ్య ఉంటుంది. ఈ ప్రాంతం నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ, ఖతార్, కువైట్, బహ్రెయిన్‌లకు వలస కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. వెళ్లినవారి మొదటి సంపాదన వీసా కోసం చేసిన అప్పుకు పోతుంది. అది తీరాక ఆడబిడ్డల పెళ్లిళ్లు, ఆ తర్వాత ఇల్లు. గూనపెంకల ఇల్లు విప్పి, అదే జాగాలో పిల్లర్లు లేపి స్లాబ్ వేయడం ఒక తరం గల్ఫ్ కార్మికుల జీవిత లక్ష్యంగా ఉండింది.

ఆ ఇల్లు ఒకేసారి కట్టింది కాదు. సెలవు మీద వచ్చిన ఏడాది బేస్‌మెంట్, మరో రెండేళ్లకు గోడలు, ఇంకో సెలవుకు స్లాబ్. మధ్యకాలంలో పని చూసుకునేది ఇంట్లో ఉన్న ఆడవారే. ఒక చేత బీడీలు చుట్టే చాట, మరో చేత సుతారి మేస్త్రీకి ఇవ్వాల్సిన కూలీ లెక్కల నోటుబుక్కు పట్టుకొని ఇల్లు లేపిన భార్యలు, తల్లులు ఈ ఊళ్లలో వీధికి కొందరుంటారు. వారి శ్రమ ఏ దస్తావేజులోనూ కనిపించదు.

గల్ఫ్‌లో పని పోతే ఇక్కడి ఇల్లు ఆగుతుంది. 1990లో కువైట్‌పై ఇరాక్ దాడి, 2008-09లో దుబాయ్ నిర్మాణ రంగం కుప్పకూలడం, 2013లో స్థానికులకు ఉద్యోగ కోటా పెట్టిన సౌదీ నితాఖత్ నిబంధనలు, 2014లో ఇరాక్ అంతర్యుద్ధం, 2020లో కరోనా: ఒక్కో దెబ్బకు ఎందరో కార్మికులు ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు. సిరిసిల్లలో మరో కారణం ఉంది. అక్కడ మరమగ్గాలకు ఆర్డర్లు ఉన్న నెలలు, లేని నెలలు అని రెండు కాలాలుంటాయి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్ కొన్నేళ్లు కార్మికులకు కాస్త ఊపిరినిచ్చింది. పని దొరికినప్పుడు లేచిన గోడ, మగ్గం ఆగినప్పుడు ఆగిపోతుంది.

ప్రభుత్వ పథకాల కింద మొదలై ఆగిన ఇళ్లు వేరే కోవలోకి వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ పథకం కింద దశలవారీగా బిల్లులు వచ్చేవి. బిల్లు ఆగినచోటే చాలా ఇళ్లూ ఆగాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన కొత్త ఇందిరమ్మ ఇళ్ల పథకం కూడా సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయలను నాలుగు దశల్లో ఇస్తుంది. ఈ సాయం లబ్ధిదారు పేరు మీద మంజూరవుతుంది. ఇల్లు సగంలో చేతులు మారితే మిగిలిన విడతలు కొన్నవారికి వస్తాయని అనుకోకూడదు. ప్రభుత్వం అసైన్ చేసిన ఇంటి జాగాలైతే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద అమ్మకమే చెల్లదు. ఎంత చౌకగా వచ్చినా అది కొనదగిన ఇల్లు కాదు.

అమ్మేది ఎవరు, కాగితం ఎవరిది

పూర్తయిన ఇంటి కొనుగోలులో చూసే పత్రాలన్నీ ఇక్కడా చూడాలి. వాటికి తోడు మరికొన్ని చూడాల్సి ఉంటుంది. లింకు దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, నిర్మాణ అనుమతి, దానికి జతచేసిన ప్లాను మొదటి వరుసలోవి. గ్రామకంఠంలోని జాగాలకు చాలాచోట్ల పాత దస్తావేజు ఉండదు. ఇంటి నంబరు, పన్ను రసీదు, తరాల నాటి అనుభవం మాత్రమే ఆధారాలు. కొన్ని తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాతో చేతులు మారినవి. ఊళ్లో ఈ హక్కును ఎవరూ ప్రశ్నించకపోవచ్చు. బ్యాంకు లీగల్ పరిశీలనలో మాత్రం ఇవి నిలబడడం కష్టం. అప్పు మీద ఆధారపడి కొనేవారు ఈ తేడాను బయానా ఇవ్వకముందే గ్రహించాలి.

రోడ్డు వెంట పొలాల్లో లేచిన ఇళ్లది మరో చిక్కు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించకుండానే గుంట, రెండు గుంటల లెక్కన కొని కట్టినవి వీటిలో చాలా ఉన్నాయి. గుంట అంటే 121 గజాలు. అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటు అయితే, 2020 ఆగస్టు 26ను గడువుగా పెట్టిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద క్రమబద్ధీకరణ అయిందో లేదో తెలుసుకోవాలి.

గ్రామాల్లో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 300 చదరపు మీటర్ల లోపు జాగాలో ఇంటికి గ్రామ పంచాయతీ అనుమతి ఇవ్వగలదు. మున్సిపాలిటీల్లో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు జాగాలో చిన్న ఇంటికి అనుమతి అవసరం లేకుండా రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టింది. అంతకు పైబడిన జాగాలకు స్వీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చింది. అనుమతి అమ్మేవారి పేరున ఉంటుంది, దానికి కాలపరిమితి కూడా ఉంటుంది. పదేళ్ల కిందట ఆగిన ఇంటికి ఆనాటి అనుమతి ఇప్పుడు పనికిరాదు. కొన్నవారి పేరున మళ్లీ తీసుకోవాలి. అప్పుడు రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ జాగా నేటి నిబంధనల ప్రకారం లెక్కిస్తారు. ముందుకు వచ్చిన మెట్లు, సజ్జలు అప్పుడు బయటపడతాయి. బిల్డర్ల మీద ఫిర్యాదుకు దారి చూపే రెరా చట్టం 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది యూనిట్లు గానీ దాటని ప్రాజెక్టులకు వర్తించదు. సొంతానికి కట్టుకొని మధ్యలో అమ్మే ఇంటికి ఆ రక్షణ లేదు.

గల్ఫ్‌లో ఉన్న యజమాని తరఫున అన్నో తమ్ముడో అమ్మకానికి వస్తే ఆ అధికార పత్రాన్ని నిదానంగా చదవాలి. అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు చెల్లించి చెల్లుబాటు చేయించుకోవాలి. ఏజెంటు ఆ పత్రంతో యజమాని పక్షాన రిజిస్టర్డ్ సేల్ డీడ్ రాసివ్వగలడు. కొన్నవారి పేరనే జీపీఏ రాయించుకొని దాన్నే కొనుగోలు అనుకోవడం చెల్లదు. జీపీఏ అమ్మకంతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. యజమాని పన్ను లెక్కల్లో ప్రవాస భారతీయుడైతే కొనేవారి మీద మరో బాధ్యత పడుతుంది. స్థానికుడి దగ్గర కొంటే 50 లక్షలు, ఆ పైన ఉన్న ధరకే 1 శాతం పన్ను కోత వర్తిస్తుంది. ప్రవాసి దగ్గర కొంటే ఆ పరిమితి లేదు. ఎంత చిన్న మొత్తమైనా మూలంలో పన్ను కోసి కట్టాలి. ఈ సంగతి తెలియక మొత్తం ధర చేతికిచ్చి, తర్వాత నోటీసు అందుకునేది కొన్నవారే.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది యజమాని చనిపోయిన ఇంటి విషయంలో. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా చనిపోయిన మగవారి స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. భార్య ఒక్కరే సంతకం చేస్తే అత్తగారి వాటా అమ్మినట్టు కాదు. పిల్లలు మైనర్లైతే వారి వాటా అమ్మడానికి 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కింద ముందుగా కోర్టు అనుమతి కావాలి. ముస్లిం కుటుంబాల్లో వాటాలు వారి వ్యక్తిగత చట్టం ప్రకారం తల్లిదండ్రులకూ పోతాయి. కష్టంలో ఉన్న ఇల్లాలు తొందరపడి అమ్ముతుంటే ఆ తొందరలో చౌకగా కొనడం న్యాయమూ కాదు, క్షేమమూ కాదు. ఆ పిల్లలు పెద్దయ్యాక అమ్మకాన్ని సవాలు చేసే హక్కు చట్టంలో ఉంది.

ఈసీలో కనిపించని గిరివి కూడా ఒకటుంటుంది. వీసా డబ్బు కోసమో, కూతురి పెళ్లి కోసమో అసలు దస్తావేజును వడ్డీవ్యాపారి దగ్గర ఉంచి తెచ్చిన అప్పు రిజిస్టర్ పుస్తకాలకు ఎక్కదు. "అసలు కాగితాలు ఇంట్లో ఉన్నయి, తర్వాత ఇస్తం" అనే మాట వింటే బేరం అక్కడితో ఆపి, అసలు చేతికి వచ్చాకే ముందుకు సాగాలి.

సేల్ డీడ్‌లో జాగాతో పాటు సగం కట్టడాన్ని, అది ఏ దశలో ఉందో, ఎన్ని చదరపు అడుగులో స్పష్టంగా రాయించాలి. స్టాంపు సుంకం తగ్గుతుందని ఖాళీ ప్లాటుగా రాయిస్తే రెండు నష్టాలు. తక్కువ విలువ చూపినందుకు స్టాంపు చట్టం కింద చర్య ఉంటుంది. బ్యాంకుకు చూపడానికి కాగితం మీద ఇల్లే ఉండదు. తెలంగాణలో 2021 జూలై 22 నుంచి అమ్మకపు దస్తావేజుకు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం.

డబ్బు ఎక్కడి నుంచి

అసంపూర్తి ఇంటి మీద బ్యాంకు అప్పు ఒకే ముద్దగా రాదు. మొదటి భాగం ఇల్లు కొనడానికి, రిజిస్ట్రేషన్ రోజున అమ్మేవారి పేర చెక్కుగా వెళ్తుంది. రెండో భాగం పూర్తి చేయడానికి. ఇది పని జరిగిన కొద్దీ, బ్యాంకు ఇంజినీరు వచ్చి చూసిన తర్వాత విడతలుగా వస్తుంది. ఇందుకు లైసెన్స్ ఉన్న ఇంజినీరు రాసిన అంచనా, చెల్లే అనుమతి, ప్లాను ఉండాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణం ఆస్తి విలువలో 90 శాతం మించకూడదు. 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం. ఇవి గరిష్ఠ పరిమితులు. పాత కట్టడం మీద బ్యాంకు విలువ కట్టే ఇంజినీరు అంచనా, ఊళ్లో కుదిరిన ధర కంటే తక్కువగానే ఉంటుంది. ఆ తేడా కొనేవారి చేతి డబ్బే.

జాతీయ బ్యాంకులతో పాటు తెలంగాణ గ్రామీణ బ్యాంకు, కరీంనగర్ జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, పట్టణ సహకార బ్యాంకులు ఈ ప్రాంతంలో ఇంటి అప్పులిస్తాయి. గాయత్రి సహకార పట్టణ బ్యాంకు ప్రధాన కార్యాలయం జగిత్యాలలోనే ఉంది. జీతం చీటీ లేని దుకాణదారుడికి, మరమగ్గాల ఆసామికి ఊరి మనిషిగా తెలిసిన సహకార బ్యాంకు ముందుకు రావచ్చు. కానీ వడ్డీ పోల్చుకోకుండా సంతకం చేయకూడదు.

లెక్క ఒకటి చూస్తే ఈ అప్పు నడిచే తీరు అర్థమవుతుంది. స్లాబ్ పడిన ఇల్లు 18 లక్షలకు కుదిరిందనుకుందాం. పూర్తి చేయడానికి 8 లక్షలు అంచనా. బ్యాంకు 20 లక్షలు మంజూరు చేసి, రిజిస్ట్రేషన్‌కు 14 లక్షలు విడుదల చేసింది. 9 శాతం వడ్డీ మీద ఆ నెల నుంచే 10,500 రూపాయల వడ్డీ కట్టాలి. గిలాబు, ఫ్లోరింగ్ విడతలు తీసుకొని అప్పు 20 లక్షలకు చేరితే వడ్డీ ఒక్కటే నెలకు 15,000. ఇల్లు పూర్తయి 20 ఏళ్ల కిస్తీ మొదలయ్యాక నెలకు సుమారు 18,000. పని సాగినన్నాళ్లూ ఈ వడ్డీతో పాటు ఇప్పుడుంటున్న ఇంటి కిరాయి కూడా నడుస్తుంది. కాబట్టి ఆరు నెలల పని ఏడాదికి సాగితే నష్టం కూలీల్లో కాదు, ఈ రెండింటిలో కనిపిస్తుంది.

విడత రావాలంటే ముందు పని జరగాలి, పని జరగాలంటే ముందు డబ్బు కావాలి. ఈ సందులోనే బయటి అప్పు దూరుతుంది. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6,000. అదే 3 లక్షలకు బ్యాంకు వడ్డీ 2,250. విడత వస్తే తీర్చేద్దామని తెచ్చిన బయటి అప్పు, ఇంజినీరు రాక ఆలస్యమై మూడు నెలలు ఉండిపోతే కిటికీలకు పెట్టాల్సిన డబ్బు మిత్తికి పోతుంది. మొదటి యజమాని ఇల్లు ఆగిపోయింది కూడా చాలావరకు ఇలాగే. అందువల్ల పూర్తి చేయడానికి కావలసిన సొమ్ములో కనీసం ఒక విడత మొత్తం చేతిలో పెట్టుకోకుండా ఇల్లు కొనకూడదు. ఉన్న పొదుపంతా బయానాకు, రిజిస్ట్రేషన్‌కు పోసినవారు సగం ఇంటిని సగంగానే ఉంచుకుంటారు.

చిట్టి, బంగారం మీద అప్పు, మహిళా సంఘం అప్పు ఆ చేతి సొమ్ముకు వాడుకలో ఉన్న దారులు. పీఎఫ్ ఖాతా ఉన్న బీడీ కార్మికులు ఇంటి కోసం అందులోంచి తీసుకోవచ్చు. బీడీ కార్మికుల కోసం 2016లో సవరించిన కేంద్ర గృహ పథకం 1,50,000 రూపాయల సాయాన్ని 25, 60, 15 శాతాల చొప్పున మూడు విడతల్లో ఇచ్చేలా రూపొందింది. పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశ కింద, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు మించకూడదు. అప్పులో తొలి 8 లక్షల మీద 4 శాతం చొప్పున, గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వార్షిక విడతల్లో జమవుతుంది.

ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి గడువు ఒకటి ముఖ్యం. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోగా ఇల్లు పూర్తయితే వడ్డీ మీద ఏటా 2 లక్షల దాకా మినహాయింపు. గడువు దాటితే అది 30,000కు పడిపోతుంది.

సలాక, స్లాబ్, నేల

కొనేముందు మేస్త్రీని కాకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లడం మేలు. మేస్త్రీ మిగిలిన పని చూస్తాడు. ఇంజినీరు చేసిన పని చూస్తాడు. ఆగిన ఇంటి మేడ మీద పిల్లర్ల నుంచి పైకి పొడుచుకొచ్చిన సలాకలు (ఇనుప చువ్వలు) మొదటి సాక్ష్యం. పై అంతస్తు వేద్దామనే ఆశతో వదిలినవి అవి. ఏళ్ల వానకు తుప్పు పడతాయి. వైర్ బ్రష్‌తో గీకితే పొడిగా రాలే ఎర్ర తుప్పు పెద్ద ప్రమాదం కాదు. పొరలు పొరలుగా ఊడి, సలాక మీది గాట్లు మాసిపోయి ఉంటే దాని మందం తగ్గినట్టే. 16 ఎంఎం సలాక 16 ఉందో లేదో కొలవాలి. కొత్త సలాకను పాతదానికి జోడించాలంటే దాని మందానికి సుమారు 50 రెట్లు, అంటే 80 సెంటీమీటర్ల పొడవు అతుకు కావాలి. అడుగే మిగిలిన సలాక మీద పై అంతస్తు కట్టే ఆలోచన పెట్టుకోకూడదు.

స్లాబ్ కింది వైపు తెల్లని ఉప్పు మరకలు నీరు దిగుతోందని చెబుతాయి. సలాక వెంబడి సూటిగా సాగిన పగులు లోపల తుప్పు ఉబ్బిందని చెబుతుంది. స్లాబ్‌కు కనీసం 20, పిల్లర్‌కు 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలన్నది ఐఎస్ 456 ప్రమాణం. గిలాబు లేని ఇంటిలో ఈ లోపాలు కంటికి కనిపిస్తాయి. పూర్తయిన ఇంట్లో రంగుల వెనక దాగేవి ఇక్కడ బయటే ఉంటాయి. అసంపూర్తి ఇల్లు కొనడంలో ఉన్న నిజమైన లాభం ఇదే.

నల్లరేగడి నేల మీద లేచిన ఇల్లైతే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లను చూడాలి. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకునే నేలలో పునాది చాలినంత లోతు పోలేదని వాటి అర్థం. అలాంటి ఇంటికి ఎంత గిలాబు పూసినా పగులు మళ్లీ వస్తుంది. ఇల్లు చూడడానికి వానాకాలం మంచిది. ఎండాకాలంలో బాగా కనిపించిన కప్పు శ్రావణంలో కారుతుంది.

స్లాబ్ పడితే ఇల్లు లేచినట్టే అని అందరూ అనుకుంటారు. కానీ గిలాబు, కరెంటు, నల్లా పైపులు, ఫ్లోరింగ్, దర్వాజలు, కిటికీలు, మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, రంగులు కలిస్తే మొత్తం ఖర్చులో దాదాపు సగం. వాస్తు కోసం దర్వాజ దిక్కు మార్చడం, గోడ విప్పడం దీనికి అదనం. ఆ మార్పు ప్లానులోకీ ఎక్కాలి, లేకపోతే బ్యాంకు ఇంజినీరు విడత ఆపుతాడు. పని వరుసలో కప్పు నీటి లీకేజీ మొదట, కరెంటు, నీటి పైపులు తర్వాత, గిలాబు ఆ తర్వాత. గిలాబుకు, కొత్త కాంక్రీటుకు వేడి రోజుల్లో కనీసం పది రోజులు నీళ్లు పట్టాలి.

పాత యజమాని కరెంటు బకాయి ఉందేమో ముందే అడగాలి. జగిత్యాల, కోరుట్లలో విద్యుత్తు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థది. సిరిసిల్లలో మాత్రం 1970 నుంచి ఉన్న సహకార విద్యుత్ సరఫరా సంఘం సెస్‌ది. మీటరు పేరు మార్పు అక్కడి కార్యాలయంలోనే.

ఇతర దేశాల్లో

సగం ఇల్లు అమ్మడాన్నే వ్యాపారంగా చేసినవారు ఉన్నారు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన జిమ్ వాల్టర్ 1946 నుంచి బయటి కట్టడం మాత్రమే పూర్తిచేసి, లోపలి పని కొన్నవారికి వదిలి, అప్పు కూడా తానే ఇచ్చేవాడు. చిలీలో ఇకీకే నగరంలో అలెహాంద్రో అరవేనా బృందం 2004లో 93 కుటుంబాలకు సగం ఇళ్లు కట్టి, మిగతా సగానికి జాగా, ఆధారం ఉంచింది. ఇండోర్‌లో బి.వి. దోషి రూపొందించిన అరణ్య కాలనీ కూడా దశలవారీగా పెరిగేలా చేసిందే. ఈ మూడింటిలోనూ ఎక్కడ ఆపాలో ముందే ఆలోచించి ఆపారు. కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఆగిన ఇల్లు అలా ఆగింది కాదు, కాబట్టే దాన్ని అంతగా పరీక్షించాల్సి వస్తుంది.

పని పూర్తయ్యాక

ఇల్లు పూర్తయ్యాక ఇంటి పన్ను కొత్త కొలతల మీద మళ్లీ లెక్కిస్తారు. అప్పు తీరేదాకా అసలు దస్తావేజులు బ్యాంకు దగ్గరే ఉంటాయి. 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో వాటిని తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున అప్పు తీర్చినవారికి చెల్లించాలి. అప్పు తీసుకున్నవారు మధ్యలో చనిపోతే ఆ కాగితాలు వారసులకు ఇచ్చే పద్ధతి కూడా బ్యాంకు ముందే రాసి పెట్టుకొని ఉండాలి.